మరిపెడకు పోని పెట్టె

యమున బీబీఏ రెండో సంవత్సరంలోకి వచ్చింది. సప్లై చైన్ ఆమె ప్రధాన సబ్జెక్టు. దానికి తోడుగా ఒక మైనర్ సబ్జెక్టు ఎంచుకోమని జూలైలో కాలేజీ వాళ్లు చెప్పారు. బిజినెస్ అనలిటిక్స్, ఫైనాన్స్, డిజిటల్ మార్కెటింగ్, సైకాలజీ. క్లాసులో చాలామంది మొదటి రోజే అనలిటిక్స్ పెట్టేశారు. యమున అందరికంటే ముందే పెట్టి ఉంటుందని స్నేహితులు అనుకున్నారు. మొదటి ఏడాదంతా ఆమె నోట వచ్చింది ఆ మాటే మరి. కానీ ఆమె ఫోన్లో ఆ పేజీ తెరిచేది, అనలిటిక్స్ మీదికి వేలు తీసుకుపోయేది, మళ్లీ మూసేసేది. ఎందుకని అడిగినవాళ్లకు నెట్ సరిగా లేదని చెప్పింది.

అసలు ఆమె సప్లై చైన్ చదువులో చేరింది తండ్రి వ్యాపారం వల్లనే. శ్యాంసుందర్‌కు హన్మకొండలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, పెద్ద వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. ఏ ఊరికి ఏ సామాను పోయింది, అక్కడి నుంచి ఇంకో ఊరికి ఎట్లా మళ్లించాలి అన్న మాటలు అన్నం తినేటప్పుడు కూడా ఆ ఇంట్లో నడిచేవి. కరోనా తర్వాత ఆయన ఫ్రీజర్ పెట్టెలు కూడా తెచ్చాడు. దూరాన ఉన్న తోబుట్టువులో పిల్లలో వచ్చేదాకా చనిపోయిన మనిషిని చెడిపోకుండా ఉంచే అద్దాల పెట్టెలవి. దుకాణం వెనక రేకుల షెడ్డులో, మడిచిన కార్పెట్ల పక్కన ఉంటాయి. పెళ్లి సామానుతో పాటు అవీ ఉండటం చిన్నప్పుడు చూసిన పిల్ల కాదు కనుక యమున మొదట్లో కొంచెం జంకింది. తర్వాత అలవాటైపోయింది.

మే నెలలో శ్యాంసుందర్‌కు కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో పడుకున్నాడు. పరీక్షలైపోయి ఖాళీగా ఉన్న యమున దుకాణం ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ వారం వరంగల్ చుట్టుపక్కల ఎండలకు జనం పిట్టల్లా రాలుతున్నారు. పెట్టెలన్నీ బయటికి పోయాయి. ఒక్కటే మిగిలింది.

ఒక పొద్దున మరిపెడ పక్క ఊరి నుంచి సారంగపాణి అనే రైతు ఫోన్ చేశాడు. ఆయన భార్య మొగిలమ్మ ఉపాధి హామీ పనిలో మట్టి మోస్తూ వడదెబ్బ తగిలి పడిపోయిందట. దవాఖానకు తీసుకుపోయే లోపలే ప్రాణం పోయింది. మరిపెడలో గానీ తొర్రూరులో గానీ పెట్టె దొరకలేదు, ఎవరో ఈ నంబరు ఇచ్చారు. యమున పంపిస్తానని చెప్పింది. ట్రాలీ ఆటో నడిపే మహిపాల్ పెట్టెను ఎక్కించి తాళ్లు కడుతుండగా ఇంకో ఫోన్ వచ్చింది. మడికొండ నుంచి. బండి ప్రమాదంలో పోయిన ఒక పిల్లవాడి మేనమామ మాట్లాడుతున్నాడు. వాళ్లకూ పెట్టె కావాలి.

యమున కొంచెంసేపు ఆలోచించింది. మరిపెడ పోవాలంటే ఆటోకు సగం రోజు దారిలోనే పోతుంది. మడికొండ ఇక్కడికిక్కడే. అక్కడ దించి వస్తే మహిపాల్ మధ్యాహ్నానికి ఇంకో ఇంటి నుంచి పెట్టె తీసుకుని మరొకరికి చేర్చగలడు. దూరం పోతే ఒక్క ఇంటికి, దగ్గర పోతే రెండిళ్లకు. క్లాసులో నేర్చుకున్నది సరిగ్గా ఇదే. ఆమె మడికొండకు పంపింది. తర్వాత మరిపెడకు ఫోన్ చేసి పెట్టె లేదని చెప్పింది.

"ఇప్పుడే ఉన్నదంటివి గదా మేడం," అన్నాడు సారంగపాణి. "మా మరదలు భీవండి నుంచి రైలెక్కింది. అక్కను చూస్కుంట అని ఒక్కటే ఏడుస్తాంది. ఆమె వచ్చేదాకనన్న జర..."

ఆయన గొంతు పగిలిపోయింది. మగమనిషి అట్లా ఏడవడం యమున ఎప్పుడూ వినలేదు. సారీ అన్నా అని ఫోన్ పెట్టేసింది. కాసేపు ఫోన్‌ను టేబుల్ మీద బోర్లా పెట్టి, మహిపాల్‌కు తర్వాత పోవాల్సిన ఇల్లు చెప్పింది.

జూన్‌లో కాలేజీ తెరిచినప్పుడు ఓంప్రకాశ్ సార్ సెలవుల్లో చూసిన పనుల నుంచి ఒక ఉదాహరణ చెప్పమన్నాడు. ఆయన అనలిటిక్స్ చెప్పే లెక్చరర్, పిల్లల్ని పట్టించుకునే మనిషి. యమున పేర్లు చెప్పకుండా ఆ రోజు సంగతి చెప్పింది. ఆయన బోర్డు మీద హన్మకొండను ఒక చుక్కగా పెట్టి, మరిపెడకు ఒక పొడుగు గీత, మడికొండకు ఒక పొట్టి గీత గీశాడు. ఏడుపులకు లొంగకుండా ఎక్కువమందికి పనికొచ్చే దారి పట్టింది, అనలిటిక్స్ తీసుకోవాల్సింది ఇలాంటి వాళ్లే అని మెచ్చుకున్నాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. యమున నవ్వింది కూడా.

ఆ సాయంత్రం ఎందుకో ఆమెకు మనసు నిలవలేదు. దుకాణం ఫోన్లో సారంగపాణి నంబరు వెతికి, ఆ రోజు పెట్టె పంపలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దని వాట్సాప్‌లో రాసింది. కాసేపటికి ఆయన మాటనే రికార్డు చేసి పంపాడు. "ఏం ఫికర్ లేదు మేడం. ఎండలకు ఆపే తట్టు లేకుండె. పెద్దమనుషులు శవం తీద్దామన్నరు, సాయంత్రమే తీస్కపోయినం. మరదలు తెల్లారి వచ్చింది. మొఖం చూడలే." అంతే. కోపం లేదు. ఆ నంబరు పక్కన ఉన్న ఫొటోను యమున పెద్దది చేసి చూసింది. ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్య ఒక ఆమె నిలబడి, ఎండకు కళ్లు చికిలించి, ఫొటో తీస్తున్న మనిషిని ఏదో అంటున్నట్టుంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

అప్పటి నుంచి ఆమెకు మొదలైంది.

షెడ్డులో పెట్టెలు ఖాళీగా, ప్లగ్గు పీకి ఉన్నప్పుడు కూడా వాటి మోటారు హోరు వినిపించేది. లోపలికి పోయి చెయ్యి పెట్టి చూసేది. చల్లగా ఏమీ ఉండేది కాదు. బయటికి రాగానే మళ్లీ వినిపించేది. కాలేజీ క్యాంటీన్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పక్కన కూర్చోలేక లేచిపోయేది. బస్టాపులో తల మీద తువ్వాల కప్పుకున్న ఏ కూలి ఆమె కనబడినా, తన వైపు తిరిగి ఆ సగం మాట పూర్తి చేస్తుందేమోనని గుండె దడదడలాడేది. ఒక మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని ఉండగా, గాజు తలుపు అవతల, ఫొటోలో మొగిలమ్మ మిరపకాయల మధ్య నిలబడినట్టే ఎవరో నిలబడ్డారు. యమున లేచి తలుపు తీసింది. ఎదురుగా ఖాళీ సందు, ఎండ.

ఆమె తండ్రికి చెప్పింది. నేనైనా మడికొండకే పంపేవాణ్ణి అన్నాడు ఆయన. ఆ మాట ఆమెకు ఊరట కాలేదు. తప్పని తిడితే బాగుండు అనిపించింది.

మైనర్ సబ్జెక్టు పెట్టాల్సిన గడువు దగ్గర పడ్డ రోజుల్లో ఒక పొద్దున దుకాణం ముందు ఆటో దిగి ఒక ఆమె లోపలికి వచ్చింది. నలభై ఏళ్లు దాటలేదు. చేతిలో రెక్సిన్ బ్యాగు. పేరు సుగుణ అని, మరిపెడ దిక్కు నుంచి వస్తున్నానని చెప్పింది. అక్క చచ్చిపోయినప్పుడు వచ్చి, దినాలయ్యాక కూడా బావకూ పిల్లలకూ వండిపెట్టేవాళ్లు లేక ఇన్నాళ్లు ఆగిందట. భీవండిలో మగ్గాల పని పోతుందని మొగుడు ఫోన్లు చేస్తున్నాడు. సాయంత్రం రైలుకు పోతోంది.

యమున గబుక్కున లేచింది. కూర్చోమని కుర్చీ జరిపింది. సుగుణ కూర్చోలేదు.

"ఆ పెట్టె ఒకసారి సూపిస్తవా బిడ్డా," అంది.

యమున షెడ్డు తలుపు తీసింది. ఆ రోజు మడికొండకు పోయిన పెట్టె గోడ వారగా ఉంది. సుగుణ దాని చుట్టూ తిరిగి, అద్దం మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నడిపించి చూపమని అడిగితే యమున ప్లగ్గు పెట్టింది. నిజం హోరు మొదలైంది. అన్నాళ్లూ లేని చోట విన్న ఆ చప్పుడు యమునకు ఇప్పుడు ఉన్నచోటే వినిపించింది. సుగుణ అద్దం మీద అరచెయ్యి పెట్టి, చల్లబడే దాకా అట్లాగే నిలబడింది.

"ఎంతసేపు ఆపుతది ఇది?"

"రెండు రోజులైనా ఆపుతదక్కా."

"నేను తెల్లారే వచ్చిన," అంది సుగుణ.

తర్వాత ఆమె తిరిగి చూసి, ఆ రోజు ఫోన్లో ఒక ఆడపిల్ల మాట్లాడిందని బావ చెప్పాడు, ఎవరామె అని అడిగింది. యమున తనే అని ఒప్పుకుంది. మడికొండ సంగతి, దూరం సంగతి, ఒకటికి రెండిళ్లు అనుకున్న సంగతి అంతా చెప్పింది. క్లాసులో చప్పట్లు కొట్టిన సంగతి కూడా దాచలేదు. సుగుణ తిడుతుందని, కొట్టినా కొడుతుందని అనుకుంది. సుగుణ అడిగింది వేరు.

"ఆ పిలగాన్ని వాళ్లోళ్లు అందరు చూస్కున్నరా?"

యమునకు తెలియదు. చూసుకునే ఉంటారని చెప్పింది.

"నన్ను వాళ్లింటికి తీస్కపో. మా అక్క జాగల పండుకున్నోని తల్లిని చూసి పోత."

యమునకు ఇష్టం లేదు. అయినా కాదనలేదు. మహిపాల్‌ను ఇల్లు అడిగి తెలుసుకుని, స్కూటీ మీద సుగుణను ఎక్కించుకుంది. దారి పొడుగునా సుగుణ ఆమె భుజం పట్టుకునే కూర్చుంది. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉన్నట్టు యమునకు తోచింది.

మడికొండలో ఐటీ పార్కు వెనక కొత్తగా కట్టిన ఇళ్లలో ఒకటి. తలుపు తీసిన ఆమె పేరు రమ. గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్న కుర్రవాడు రాకేష్, ఆమె కొడుకు. పార్కులో కొత్తగా ఉద్యోగం దొరికి నెల తిరగకముందే లారీ గుద్దింది. టెంట్ హౌస్ నుంచి వచ్చామని యమున చెబితే, ఎందుకని కూడా అడగకుండా రమ చాప పరిచింది. కొడుకు పోయాక ఆ ఇంటికి ఎవరొచ్చినా ఆమె కారణం అడగడం మానేసినట్టుంది. సుగుణ తన అక్క కూడా అదే రోజు పోయిందని చెప్పింది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. చాలాసేపు పిల్లవాడి మాటలే నడిచాయి. వాడికి దొండకాయ పడదని, బండి వద్దంటే వినలేదని.

యమునకు గుండె కొంచెం తేలికపడింది. ఒక తల్లి కొడుకును కడసారి చూసుకుంది. తన నిర్ణయం ఒకరికైనా పనికొచ్చింది. సుగుణకు కూడా అది తెలిస్తే చాలనుకుంది.

"పెట్టెల పండుకున్నట్టే ఉండెనా పిలగాడు?" అని అడిగింది సుగుణ.

రమ తల అడ్డంగా ఊపింది. "పెట్టెల యాడ పండుకున్నడమ్మా. పోస్టుమార్టమని పొద్దంత దవాఖానలనే ఉంచిరి. పొద్దుగూకినంక ఇచ్చిండ్రు. ఇంటి ముంగట దించి, అటే వైకుంఠధామం కాటికి తీస్కపోయిరి. పెట్టె వట్టిగనే ఉండె. ఎండల వచ్చిన చుట్టాలు నోరెండి పోతాండ్రని మా తమ్ముడు అందుల నీళ్ల పాకెట్లు పెట్టిండు. సల్లగయినయి."

ఆమె మామూలుగా చెప్పింది. ఆ రోజు జరిగిన వంద సంగతుల్లో అదొకటి.

రమ ఇచ్చిన నీళ్ల గ్లాసు సుగుణ చేతిలో ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. ఇంకొంతసేపు కూర్చుని, రమ తల నిమిరి, వస్తానని లేచింది. తన అక్క సంగతి పూర్తిగా రమకు చెప్పలేదు. యమున ఆమె వెనకే గుమ్మం దాటింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. మడికొండ మేనమామ ఫోన్లో "బాడీ ఇంకా దవాఖానలనే ఉన్నది, వాళ్లు ఎప్పుడిస్తరో..." అని అంటుండగా తను మధ్యలోనే అడ్రస్ చెప్పండి అంది. ఆయన కూడా ఏడుస్తున్నాడు. మరిపెడ ఆయన మాటను తుంచేసింది, ఈయన మాటనూ తుంచేసింది. ఇద్దరూ చెప్పాల్సింది చెప్పారు. ఆమె రెండు ఊళ్ల పేర్లు మాత్రం విన్నది.

కాజీపేట స్టేషన్ ముందు స్కూటీ ఆపినప్పుడు యమున ఏడుస్తోంది. మేనమామ మాట వినకుండా తుంచేసిన సంగతి సుగుణకు చెప్పింది. సుగుణ బ్యాగు కింద పెట్టింది.

"వాళ్లు చెడ్డోళ్లు గారు బిడ్డా. ఇంకొక్క మాట అడిగితే ఆ తల్లే అంటుండె, మాకిప్పుడు అక్కర లేదు, వాళ్లకు పంపుమని."

ఓదార్పుగా అందో, నిందగా అందో యమునకు ఆనాడూ అర్థం కాలేదు, తర్వాతా అర్థం కాలేదు. సుగుణ వెనక్కి చూడకుండా మెట్లెక్కి జనంలో కలిసిపోయింది.

మర్నాడు యమున ఓంప్రకాశ్ సార్ గదికి పోయి జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. క్లాసులో తను అన్న మాటలకు బాధపడ్డాడు. అయినా ఆయన వాదన ఆయనకుంది. ఇది అనలిటిక్స్ తప్పు కాదు, సమాచారం తక్కువవడం. ఎవరికోసం ఆపుతున్నారు, బాడీ ఎప్పుడు వస్తుంది అని ఆర్డరు ఫారంలో రెండు గడులు కలిపితే లెక్క సరిగ్గా వచ్చేది. అది నేర్చుకోవడానికైనా అనలిటిక్స్ తీసుకో అన్నాడు. ఉద్యోగాలకు వచ్చే కంపెనీలు కూడా అదే అడుగుతాయని గుర్తుచేశాడు. ఆయన చెప్పింది తప్పని యమున అనుకోలేదు.

"గడులు పెట్టొచ్చు సార్," అంది. "వాళ్లు అవి చెప్తనే ఉన్నరు. ఏడుస్తుంటే వినబుద్ధి గాక నేనే ఫోన్ కట్ చేసిన. భయమేసింది. అది ఏ సబ్జెక్టుల నేర్పిస్తరో నాకు తెల్వది."

సైకాలజీలో కౌన్సెలింగ్ పేపర్ ఒకటి ఉందని, దానికి ఎక్కువమంది చేరరని ఆయన చెప్పాడు. యమున ఆయన ముందే ఫోన్ తీసి సైకాలజీ పెట్టింది. ఆయన వద్దనలేదు. అనలిటిక్స్ పుస్తకాలు కావాలంటే వచ్చి తీసుకుపొమ్మన్నాడు.

ఇంట్లో తండ్రి సప్లై చైన్‌కూ మనసు చదువుకూ ఏం సంబంధమని అడిగాడు. ఆమె మడికొండ సంగతి చెప్పింది. శ్యాంసుందర్ లేచి షెడ్డులోకి పోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ఆపరేషన్ కన్ను ఎర్రగా ఉంది. ఆ పెట్టెను అమ్మేద్దామా అన్నాడు. యమున వద్దంది. ఎండాకాలం మళ్లీ వస్తుంది, ఎవరికో ఒకరికి కావాలి అంది.

ఆమెను పట్టుకున్నది వదిలిపోలేదు. షెడ్డు వైపు పోతే ఇప్పటికీ ఆమె అడుగులు తడబడతాయి. కానీ అంతకుముందు ఆమె ఊహలో ఆ పెట్టె లోపల మొగిలమ్మ ఒక్కతే ఉండేది. ఇప్పుడు ఆ అద్దం కింద వరుసగా పేర్చిన నీళ్ల పాకెట్లు కూడా కనిపిస్తాయి. చల్లటి నీళ్లు తాగడం ఆమె మానేసింది.

సైకాలజీ క్లాసు మేడ మీద చిన్న గదిలో జరిగేది. నలుగురైదుగురు కంటే ఎక్కువ ఉండరు. కౌన్సెలింగ్ చెప్పే భవాని మేడం మొదటి రోజు వాళ్లను జంటలుగా కూర్చోబెట్టింది. ఒకరు తమకు బాధ కలిగించిన ఏదైనా సంగతి చెప్పాలి. రెండోవాళ్లు మధ్యలో మాట్లాడకూడదు, సలహా ఇవ్వకూడదు, లేచిపోకూడదు. వినాలి. యమునకు జంటగా శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. హాస్టల్లో ఉంటుంది, అంతకుముందు ఇద్దరికీ ముఖ పరిచయమే.

శ్రావణి తన చిన్నాన్న ఊరొదిలి ఎటో వెళ్లిపోయిన సంగతి మొదలుపెట్టింది. మొదట నవ్వుతూనే చెప్పింది. కాసేపటికి ఆమె గొంతు మారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. యమునకు లేచి వెళ్లిపోవాలనిపించింది. ఏదైనా అడిగి ఆ ఏడుపు ఆపాలనిపించింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, మాటలు అందడం లేదు. తర్వాత మళ్లీ కొన్ని మాటలు అందాయి. వాళ్ల నానమ్మ రోజూ ఆయన కంచం కడిగి పెడుతుందట.

మేడం సమయం అయిందని చెప్పింది. శ్రావణి కళ్లు తుడుచుకుని, కొంచెం సిగ్గుపడి, మొత్తం విన్నావా అని అడిగింది.

"నడుమ కొంచెం పోయింది," అంది యమున. "మల్లొకసారి చెప్పు. వింట."